అంతర్జాతీయ పాఠశాలను పరీక్షించుట ఎట్లు?

హైదరాబాదు నగరము పడమటి దిక్కునకు విస్తరించిన కొలదియు ఆ వైపు బాటల వెంట "అంతర్జాతీయ పాఠశాల" అను ఫలకములు అధికమగుచున్నవి. విశాఖపట్నము, విజయవాడ పొలిమేరలలోను ఇట్టి ఫలకములు కనబడును. విశాలమైన ఆటస్థలము, ఈతకొలను, చల్లని గదులు, పలు దేశముల జెండాలు చూచువారి కన్నులకు ఇంపుగొల్పును. కాని బిడ్డను చేర్పించు తల్లిదండ్రులు భవనమును కొనుటలేదు. బిడ్డ జీవితములోని పండ్రెండు సంవత్సరములను ఆ సంస్థ చేతిలో పెట్టుచున్నారు. చెల్లించిన ధరావతు తిరిగి రావచ్చును. గడచిన ఏడు తిరిగి రాదు. కనుక ఇట్టి పాఠశాలను ఏ కొలబద్దతో కొలువవలెనో కొంత విచారించుట అవసరము.

ప్రవేశ కార్యాలయము ముందు మూడు కుటుంబములు కూర్చున్నవని ఊహింతము. మొదటిది ఉద్యోగరీత్యా వేరొక దేశమునుండి వచ్చి, రెండు మూడేండ్లలో మరియొక దేశమునకు పోనున్న విదేశీయుల కుటుంబము. రెండవది అమెరికాలోనో గల్ఫు దేశములలోనో పదేండ్లుండి స్వస్థలమునకు మరలిన తెలుగు కుటుంబము. మూడవది ఇక్కడనే పుట్టి, ఇక్కడనే స్థిరపడి, బిడ్డకు విశాల ప్రపంచమును చూపదలచిన స్థానిక కుటుంబము. ముగ్గురి చేతిలోను ఒకే వివరణ పత్రము ఉన్నది. ముగ్గురి అవసరములు మాత్రము ఒకటి కావు. "ఈ పాఠశాల మంచిదేనా?" అను ప్రశ్నకు జవాబు దొరకకపోవుటకు కారణమిదియే. "మా బిడ్డ ఎక్కడనుండి వచ్చినది, ఇకమీదట ఎక్కడికి పోవలసియున్నది, ఆ ప్రయాణమునకు ఈ పాఠశాల తోడ్పడునా?" అని అడిగిననాడు జవాబు దొరకును.

ఈ పాఠశాలల పుట్టుక తెలిసినచో వాని స్వభావము బోధపడును. మొదటి ప్రపంచయుద్ధానంతరము జెనీవా నగరమున నానాజాతి సమితియు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు వెలసినవి. వానిలో పనిచేయుటకు పలు దేశములనుండి వచ్చిన ఉద్యోగుల పిల్లల కొరకు 1924లో అక్కడ ఒక అంతర్జాతీయ పాఠశాల స్థాపితమైనది. మన దక్షిణదేశమున కొడైకెనాలు కొండపై 1901లో అమెరికను మిషనరీలు తమ బిడ్డలకై నెలకొల్పిన బడి 1974లో అంతర్జాతీయ పాఠశాలగా రూపొందినది. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఏర్పడినపుడు, విదేశములనుండి వచ్చిన వ్యవసాయ శాస్త్రజ్ఞుల పిల్లలకును ఇట్టి చదువే కావలసివచ్చినది. తండ్రి కొలువు మారినను బిడ్డ చదువు తెగిపోరాదనుటయే ఈ పాఠశాలల తొలి ఆశయము. కాలక్రమమున స్థానిక కుటుంబములు కూడ వీని వైపు మొగ్గినవి. నేడు ప్రపంచమందలి ఇట్టి పాఠశాలలలో అత్యధికులు ఆయా దేశముల స్థానికుల బిడ్డలే. ఒక అవసరమునకై పుట్టిన సంస్థ మరియొక అవసరమును తీర్చుచున్నది; తీర్చుచున్నదో లేదో పరీక్షించుకొను బాధ్యత తల్లిదండ్రులది.

పరీక్షలో మొదటి మెట్టు పాఠ్యక్రమము. పాఠశాల పేరు వేరు, అచ్చట చెప్పు చదువు వేరు. పేరులో అంతర్జాతీయమను మాట ఉన్నను, లోపల బోధించునది మన సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమమే కావచ్చును, అందు దోషమేమియు లేదు, ఆ సంగతి ముందుగా తెలిసిన చాలును. విదేశీ పాఠ్యక్రమములలో మన ప్రాంతమున ముఖ్యముగా వినవచ్చునవి రెండు. జెనీవాలో 1968లో స్థాపితమైన ఇంటర్నేషనల్ బాకలోరియట్ సంస్థ వారి ఐ.బి. విద్య యొకటి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన పరీక్షా సంస్థ 1988 నుండి నిర్వహించుచున్న ఐ.జి.సి.ఎస్.ఇ., దాని పిమ్మట వచ్చు ఎ లెవెల్ పరీక్షలు రెండవది.

ఐ.బి. విద్యలో ప్రాథమిక దశకు, మాధ్యమిక దశకు, చివరి రెండేండ్ల డిప్లొమాకు వేరువేరుగా అనుమతి పొందవలసియుండును. కాబట్టి "మాది ఐ.బి. పాఠశాల" అన్న మాటతో తృప్తిపడరాదు. ఏ దశకు అనుమతి ఉన్నది, ఏ సంవత్సరమున లభించినది అని అడుగవలెను. అనుమతికై దరఖాస్తు చేసి నిరీక్షించుచున్న బడిని "కాండిడేట్ స్కూలు" అందురు. కాండిడేటు కాగానే అనుమతి లభించినట్లు కాదు. అనుమతి పొందిన పాఠశాలల పట్టికను ఆ సంస్థయే బహిరంగముగా ప్రకటించుచున్నది. వివరణ పత్రమును ఆ పట్టికతో సరిచూచుకొనుటకు పది నిమిషములు చాలును.

రెండవ మెట్టు, ఈ చదువు చివర తెరచుకొను ద్వారములు. స్థానిక కుటుంబములకు ఇది ప్రాణప్రదమైన విషయము. ఐ.బి. డిప్లొమాలో విద్యార్థి ఆరు విషయములు చదువును. ఒక్కొక్కదానికి గరిష్ఠముగా 7 చొప్పున 42, జ్ఞానతత్త్వ విచారణకును, 4,000 మాటలకు మించని దీర్ఘ వ్యాసమునకును కలిపి 3, వెరసి 45 పాయింట్లు. భాషలు, సాంఘిక శాస్త్రము, విజ్ఞానము, గణితము అన్నియు ఈ ఆరింటిలో ఇముడవలెను. మన దేశమున వైద్యవిద్యకు పోగోరు విద్యార్థికి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును ఉండవలెను. ఐ.బి. సాధారణ నియమముల ప్రకారము ఈ మూడు శాస్త్రములను ఒక్కసారిగా తీసికొనుట కుదరదు. విశ్వవిద్యాలయ ప్రవేశ నిబంధనలను చూపి ప్రత్యేక అనుమతి కోరవలసియుండును. ఈ సంగతి పదకొండవ తరగతి మొదట తెలిసిన పరిష్కారము కలదు. పండ్రెండవ తరగతిలో తెలిసినచో వైద్యవిద్య ద్వారము మూసికొనిపోవచ్చును. ఇంజనీరింగు గోరువారు గణితము, భౌతికము, రసాయనముల విషయమున ఇట్లే జాగ్రత్త వహింపవలెను.

ఫలితములు వెలువడు కాలము మరియొక చిక్కు. ఐ.బి. పరీక్షలు మే నెలలో జరుగును. ఫలితములు జూలై మొదటి వారమున వచ్చును. కేంబ్రిడ్జి వారి మే-జూన్ పరీక్షల ఫలితములు ఆగస్టు వరకు రావు. అందుచేతనే భారతదేశపు పాఠశాలలకు మార్చి నెలలో పరీక్ష వ్రాయు సదుపాయమును కల్పించినారు. తమ పిల్లలు మార్చిలో పరీక్షకు కూర్చుందురా, మేలోనా అని ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొనవలెను. అఖిల భారత ప్రవేశ పరీక్షలు చాలవరకు మన జాతీయ పాఠ్యగ్రంథముల బాటనే నడచును. విదేశీ పాఠ్యక్రమము చదివిన బిడ్డ వానికి వేరుగా సిద్ధపడవలసివచ్చును; రెండు బరువులను మోయగలదా అని ముందే ఆలోచింపవలెను. ఇక మన రాష్ట్రములలో స్థానికాభ్యర్థిత్వము విద్యార్థి ఏయే సంవత్సరములు ఎక్కడ చదివెనను లెక్కపై ఆధారపడును. విదేశమునుండి మరలివచ్చిన కుటుంబములు ఈ విషయమున ఆయా సంవత్సరపు ప్రభుత్వోత్తర్వులను స్వయముగా చూచుకొనుట మేలు.

పరీక్షా ఫలితములను చదువుటకును ఒక పద్ధతి కలదు. ఒక పాఠశాల తన డిప్లొమా సగటు 36 అని ప్రకటించినదనుకొందము. ప్రపంచపు సగటు సుమారు 30 కనుక ఇది గొప్పగా తోచును. కాని ఆ బడిలో పదకొండవ తరగతిలో నలుబది మంది చేరి, చివరకు పదునారుగురిని మాత్రమే పూర్తి డిప్లొమా పరీక్షకు పంపిరేని, ఆ సగటు ఎవరి ప్రతిభను చూపుచున్నది? ప్రక్కబడిలో చేరిన అరువదిమందియు పరీక్ష వ్రాసి 31 సగటు తెచ్చుకొన్నచో, మధ్యరకపు బిడ్డకు ఆ రెండవ బడియే మేలు కావచ్చును. కనుక సగటుతోపాటు ఎందరు చేరిరి, ఎందరు వ్రాసిరి, ఎందరు నడుమ విడిచిరి అను మూడు లెక్కలను అడుగవలెను. ఒక్క ఏటివి చాలవు. వరుసగా ఐదేండ్ల లెక్కలు చూడవలెను. దాచుటకేమియు లేని సంస్థ వీనిని సంతోషముగా చూపును.

మూడవ మెట్టు ఉపాధ్యాయులు. ఇట్టి పాఠశాలలలో విదేశీ ఉపాధ్యాయులు తరచుగా రెండేండ్ల ఒడంబడికపై వచ్చి, ఆపైన వేరొక దేశమునకు పోవుట కలదు. "మీ కడ ఎన్ని దేశముల ఉపాధ్యాయులున్నారు?" అను ప్రశ్నకంటె "గడచిన మూడేండ్లలో ఎందరు విడిచిపోయిరి?" అను ప్రశ్న విలువైనది. సంవత్సరము నడుమ ఉపాధ్యాయుడు పోయినచో తరగతిని ఎవరు చూతురు, స్థానిక ఉపాధ్యాయులకు ఈ పాఠ్యక్రమమున శిక్షణ ఇప్పించినారా అనియు అడుగవలెను. రంగును, ఉచ్చారణను చూచి గురువును అంచనావేయుట మన బలహీనత. బిడ్డ వ్రాతపుస్తకమును తెరచి, అందు గురువు దిద్దిన తీరును చూచిన అంతకంటె ఎక్కువ తెలియును. కేవలము సరిగుర్తులు పెట్టి వదలినారా, తప్పు ఎందుకు తప్పయ్యెనో ఒక వాక్యము వ్రాసినారా? ఆ ఒక్క వాక్యముననే పాఠశాల నాణ్యత కానవచ్చును.

ఇక భాష. పిల్లలు ఆంగ్లములో గలగల మాటలాడగానే తల్లిదండ్రులు మురిసిపోవుదురు. కెనడాలో పనిచేసిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఒక భేదమును ప్రతిపాదించెను. తోటివారితో ముచ్చటించుటకు కావలసిన భాష వేరు. చరిత్రను, విజ్ఞానమును చదివి తర్కించుటకు కావలసిన భాష వేరు. మొదటిది సుమారు రెండేండ్లలో అలవడును. రెండవదానికి ఐదు నుండి ఏడేండ్లు పట్టునని ఆయన పరిశోధనలు తెలిపినవి. ఇంటిభాషలో ఆలోచించుట గట్టిగా నేర్చిన బిడ్డకు ఆ శక్తి రెండవ భాషలోను అక్కరకు వచ్చునని కూడ ఆయన నిరూపింపజూచెను. కావున తెలుగును మాన్పించిన ఆంగ్లము బాగుపడునను నమ్మకమునకు ఆధారము లేదు. ఆటమైదానమున చక్కగా మాటలాడు బిడ్డ పరీక్షలో వెనుకబడినచో మందబుద్ధియని తలపరాదు. చదువుభాష ఇంకను పాకమునకు రాలేదని గ్రహింపవలెను. అట్టి పిల్లలకు ప్రత్యేక భాషాబోధన కలదా, దానికి వేరే రుసుము వసూలు చేయుదురా అని కనుగొనవలెను.

తెలుగు విషయమున తెలంగాణ ప్రభుత్వము 2018లో చట్టము చేసి, ఏ బోర్డుకు చెందిన పాఠశాలయైనను తెలుగును బోధింపవలెనని నిర్దేశించినది. తెలుగు మాతృభాష కాని పిల్లలకు, ఇతర రాష్ట్రములనుండియు, విదేశములనుండియు వచ్చినవారికి అనువుగా "వెన్నెల" అను సులభవాచకమును బోధింపవలెనని 2025లో ఉత్తర్వులు వెలువడినవి. అయితే చట్టమున ఉన్నదంతయు తరగతిలో ఉండునని లేదు. వారమునకు తెలుగునకు ఎన్ని గంటలు కేటాయించినారు, గ్రంథాలయమున తెలుగు పుస్తకములు ఎన్ని ఉన్నవి, వానిని పిల్లలు తీసికొనిపోవుచున్నారా అని చూడవలెను. విదేశమునుండి మరలివచ్చిన కుటుంబమునకు ఇది మరింత ముఖ్యము. నాయనమ్మ చెప్పు మాట మనుమరాలికి అర్థము కాక, మనుమరాలి మాట నాయనమ్మకు అందక, ఒకే ఇంట ఇరువురును పరదేశులగుట ఏ పట్టమువలనను తీరని నష్టము.

దేశములు మారు పిల్లల మనఃస్థితిని గూర్చిన ఆలోచనకు మన దేశముతోనే సంబంధము కలదు. అమెరికా దేశపు సాంఘిక శాస్త్రజ్ఞురాలు రూత్ హిల్ యూసీమ్ 1950 దశకమున భర్తతో కూడ భారతదేశమునకు వచ్చి, ఇచ్చట నివసించుచున్న అమెరికనుల జీవనమును పరిశీలించెను. తల్లిదండ్రుల దేశమునకు పూర్తిగ చెందక, నివసించుచున్న దేశమునకును పూర్తిగ చెందక, ఆ రెంటి నడుమ వేరొక లోకములో పెరుగు పిల్లలను ఆమె "మూడవ సంస్కృతి బిడ్డలు" అని పేర్కొనెను. వారికి పలు భాషలు వచ్చును, కొత్తవారితో త్వరగా కలియుదురు. కాని "మీది ఏ ఊరు?" అని అడిగినచో తడబడుదురు, స్నేహితులను విడుచుట వారికి ఏటేటి దుఃఖము. మంచి అంతర్జాతీయ పాఠశాల ఈ దుఃఖమును గుర్తించును. కొత్తగా వచ్చిన బిడ్డకు ఒక తోడును నియమించును. పోవు బిడ్డకు సరియైన వీడ్కోలును, తరువాతి బడికి పనికివచ్చు సమగ్రమైన పత్రములను సిద్ధపరచును. ఏటేట స్నేహితుని పోగొట్టుకొని ఇక్కడనే మిగిలిపోవు స్థానిక బిడ్డను కూడ అది మరువదు. విదేశీయుల పిల్లలొక మూల, స్థానికులొక మూల కూర్చుండి భోజనము చేయు బడిలో ఎన్ని జెండాలు ఎగిరినను అంతర్జాతీయత లేనట్లే.

భద్రతను గూర్చి మొగమాటమునకు తావులేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము క్యాపిటేషను రుసుమును, ప్రవేశ సమయమున బిడ్డకుగాని తల్లిదండ్రులకుగాని వడపోత పరీక్ష పెట్టుటను నిషేధించినది. దేహశిక్షను, మానసిక వేధింపును కూడ నిషేధించినది. సుప్రీంకోర్టు 2014లో మినహాయించిన అల్పసంఖ్యాక వర్గముల సంస్థలు తప్ప ప్రైవేటు పాఠశాలలకు ఇది వర్తించును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. సంస్థాధిపతి దాచినచో శిక్షార్హుడు. కనుక ఉపాధ్యాయులను, బండ్లు నడుపువారిని నియమించుటకు పూర్వము వారి గత చరిత్రను ఎట్లు విచారించెదరు, బిడ్డ తన బాధను ఎవరితో చెప్పుకొనవలెను అని సూటిగా అడుగవలెను. ఈ ప్రశ్నకు నొచ్చుకొను సంస్థ కంటె, వ్రాతపూర్వకమైన నియమావళిని తీసి చూపు సంస్థ నమ్మదగినది.

చివరకు రుసుము. ప్రకటనలో కనబడునది మొదటి ఏటి బోధనారుసుము మాత్రమే. ప్రవేశరుసుము, ధరావతు, బండి, భోజనము, పరీక్షారుసుములు, విహారయాత్రలు వేరు. అంతకంటె ముఖ్యమైనది ఏటేటి పెంపు. మొదటి తరగతిలో ఏటికి 4 లక్షల రూపాయలని, అది ప్రతి సంవత్సరము నూటికి 10 వంతున పెరుగునని అనుకొందము. పండ్రెండవ తరగతికి అది 11 లక్షలు దాటును. పండ్రెండేండ్లకు మొత్తము 48 లక్షలని లెక్కించుకొన్న కుటుంబము 85 లక్షలకు పైగా చెల్లింపవలసియుండును. ఎనిమిదవ తరగతిలో భారము మోయలేక బిడ్డను వేరు పాఠ్యక్రమమునకు మార్చుట అన్నిటికంటె ఖరీదైన పొరపాటు. దాని మూల్యమును చెల్లించునది బిడ్డయే. యజమాని సంస్థ రుసుము భరించు విదేశీ కుటుంబముతో పోటీపడి సొంత సంపాదనతో చదివించు కుటుంబము నిర్ణయము తీసికొనరాదు.

దుబాయిలో నివసించు తెలుగువారికి ఒక సౌకర్యము కలిగినది. అక్కడ 2006లో ఏర్పడిన జ్ఞాన, మానవాభివృద్ధి ప్రాధికార సంస్థ 2008 మొదలు ప్రైవేటు పాఠశాలలను తనిఖీచేసి, వానికి శ్రేణులు నిర్ణయించి, ఆ నివేదికలను బహిరంగముగా ప్రకటించుచు వచ్చినది. అట్టి నివేదిక చేతికందని చోట తల్లిదండ్రులే తనిఖీదారులు కావలసియుండును. ప్రదర్శన దినమున కాక సామాన్యమైన పనిదినమున అనుమతి పొంది పాఠశాలకు వెళ్లవలెను. తరగతిలో మాటలాడునది గురువొక్కడేనా, పిల్లలు ప్రశ్నించుచున్నారా? గ్రంథాలయపు పుస్తకములు నలిగియున్నవా, కొత్తగానే మెరయుచున్నవా? మరుగుదొడ్లు శుభ్రముగ ఉన్నవా? ఆయాలను, బండ్లు నడుపువారిని పిల్లలు ఏ విధముగ పిలుచుచున్నారు? చేరిన కుటుంబములతోపాటు, విడిచిపోయిన ఒకటి రెండు కుటుంబములతో కూడ మాటలాడవలెను. పొగడ్తనుండియు, నిందనుండియు కొంత కొంత తీసివేసి వినవలెను.

ఇన్ని విచారించిన పిమ్మట ముందు చెప్పిన మూడు కుటుంబములును మూడు వేరు నిర్ణయములు చేయవచ్చును. మూడును సరియైనవే కావచ్చును. త్వరలో పయనమై పోవు కుటుంబమునకు, ఏ దేశమున దిగినను తెగని పాఠ్యక్రమము ముఖ్యము. మరలివచ్చిన కుటుంబమునకు, పాత చదువునుండి కొత్త చదువునకును, పరభాషనుండి ఇంటిభాషకును వంతెన వేయగల గురువులు ముఖ్యము. స్థానిక కుటుంబమునకు, లోకమును చూపుచునే ఇక్కడి కళాశాలల ద్వారములను మూయని బడి ముఖ్యము. బిడ్డ ఎంత దూరమైనను పోగలుగవలెను. పోయినదానికి ఇంటికి తిరిగి వచ్చు దారియు తెలిసియుండవలెను. ఈ రెండును నేర్పు పాఠశాల ఏ పేరు పెట్టుకొన్నను మంచి పాఠశాలయే.